సేవ్ చేశారా మేడమ్?

సోమవారం మధ్యాహ్నం వర్డ్ తెర ఉన్నట్టుండి తెల్లబడింది. పైన పట్టీలో ‘డాక్యుమెంట్1’ అని, దాని పక్కన ‘నాట్ రెస్పాండింగ్’ అని. నా బుద్ధి తక్కువతనమంతా ఆ ‘డాక్యుమెంట్1’లోనే ఉంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు పేజీల వార్షిక నివేదిక కొట్టాను, ఒక్కసారి కూడా పేరు పెట్టి సేవ్ చెయ్యలేదు. రాయడం పూర్తికానీ, పేరుదేముంది అనుకునే రకాన్ని. కీబోర్డు వంక చూడకుండా తెలుగు టైపు చేస్తానని ఆఫీసులో నాకు పేరు. ఆ పేరేమీ ఆ రోజు అక్కరకు రాలేదు.

ఇరవై నిమిషాలు ఏమీ నొక్కకుండా కూర్చున్నాను. అది మంచి పనే. కొన్నిసార్లు దానంతటదే తేరుకుంటుంది. ఈసారి తేరుకోలేదు.

సిస్టమ్స్ చూసే కుర్రాణ్ణి పిలిచాను. అతని వెనకాలే తమాషా చూడ్డానికి మరో ఇద్దరు.

“సేవ్ చేశారా మేడమ్?”

“లేదు బాబూ.”

“అస్సలా?”

“అస్సలు.”

వెనకున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఆగమనేలోపే అతను కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, ఎండ్ టాస్క్ కొట్టేశాడు. మళ్ళీ వర్డ్ తెరిచాడు. ఇంతలో ఫోనొస్తే పక్కకి వెళ్ళాడు.

అసలు కథ ఇక్కడుంది. వర్డ్ తెరుచుకోగానే ఎడమ పక్కన రికవరీ పట్టీ వచ్చింది. అందులో నాలుగు పేర్లు. మొదటి మూడూ ఎప్పటివో పాత ఉత్తరాలు. ఇదంతా పాత చెత్త అనుకుని పట్టీ మూసెయ్యబోయాను. అప్పుడొక ప్రశ్న అడిగింది: ఈ ఫైళ్ళు తర్వాత చూస్తారా, లేక మీకు కావలసినవి సేవ్ చేసుకున్నారు గనక తీసెయ్యమంటారా అని. వెనక ఇద్దరు నిలబడి చూస్తుంటే ఎవరికి చదవబుద్ధేస్తుంది? ‘నో’ నొక్కాను. పట్టీ మాయమయ్యే క్షణంలో నాలుగో పేరు కంటబడింది. డాక్యుమెంట్1.

పై ప్రాణాలు పైనే పోయాయి.

కుర్రాడు ఫోన్ పెట్టేసి వచ్చి, “రికవరీలో ఏమైనా చూపించిందా మేడమ్?” అన్నాడు. “ఏమీ రాలేదు” అన్నాను. అబద్ధం. ఆ అబద్ధం మీద పాపం అతను అరగంట వెతికాడు. ఫైల్ మెనూలో ఇన్ఫో, అందులో మేనేజ్ డాక్యుమెంట్, దాని కింద సేవ్ చెయ్యని ఫైళ్ళని తెచ్చే వరస. అక్కడ ఖాళీ. తర్వాత దాచి ఉంచే యాప్‌డేటా ఫోల్డర్‌లోకి దిగి ‘.ఎ.ఎస్.డి’ ఫైళ్ళ కోసం చూశాడు. మనం రాస్తుండగా వర్డ్ మధ్యమధ్యలో తనంతట తనే తీసుకునే ఆటోరికవర్ కాపీలని పెట్టుకునేది అక్కడే. అదీ ఖాళీ. తల గోక్కుని, “ఇక్కడ కూడా లేదంటే, ఎవరో తీసెయ్యమన్నట్టే మేడమ్” అన్నాడు. నేను గోడ గడియారం వంక చూస్తూ ఉండిపోయాను. అతనికి ఇప్పటికీ చెప్పలేదు.

అప్పుడు వాళ్ళ తారకమంత్రం బయటికొచ్చింది: “ఒకసారి రీస్టార్ట్ చేద్దాం.” ప్రింటర్ కదలకపోయినా అదే, మౌసు మొరాయించినా అదే. అతని చెయ్యి పవర్ బటన్ దగ్గరికి పోతుంటే గట్టిగా అరిచాను, “ముట్టుకోవద్దు!”

ఎందుకంటే అప్పుడే గుర్తొచ్చింది. పన్నెండింటికి మా సహోద్యోగికి పంపుదామని మొత్తం సెలెక్ట్ చేసి కాపీ కొట్టాను, అతికించబోతుంటే ఫోనొచ్చి వదిలేశాను. ఆ తర్వాత ఏవేవో అంకెలు కాపీ చేశాను గనక మామూలుగా అయితే అది పోవాల్సిందే. కానీ విండోస్‌లో క్లిప్‌బోర్డ్ హిస్టరీ అనేదొకటుంది. సెట్టింగ్స్‌లో ముందే ఆన్ చేసి ఉంచితే, చివరగా కాపీ చేసిన 25 ముక్కల దాకా దాచిపెడుతుంది. రీస్టార్ట్ చేస్తే మాత్రం, పిన్ చెయ్యనివన్నీ తుడుచుకుపోతాయి. అతను ఆ బటన్ నొక్కి ఉంటే అంతే సంగతులు.

విండోస్ మీటా, ‘వి’ మీటా కలిపి నొక్కాను. కింద నుంచి ఆరోది. నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే ఏడు పేజీల మాటర్ దిగింది. పట్టికల గీతలు పోయాయి, కింది నోట్లు పోయాయి, ఒక్క వాక్యం పోలేదు. నోట్‌ప్యాడ్ ఫైలుకి పేరు పెట్టి సేవ్ చేశాకే ఊపిరి పీల్చుకున్నాను. మిగిలిన నాలుగు పేజీలు చీకటిపడే దాకా మళ్ళీ కొట్టాను. రెండోసారి రాస్తే ఇంకా బాగా వస్తుందంటారు కొందరు. నాకేమీ రాలేదు, ముందు రాసిందే బాగుంది.

ఆటోరికవర్ మామూలుగా పది నిమిషాలకోసారి ఉంటుంది. ఆప్షన్స్‌లో సేవ్ అన్న చోటికి వెళ్ళి ఒక నిమిషానికి తగ్గించాను. పైన మూలన కనిపించే ఆటోసేవ్ మీట వేరు. అది ఫైలు వన్‌డ్రైవ్‌లాంటి చోట ఉంటేనే పనిచేస్తుంది. నేను రెండూ ఒకటే అనుకుని ఇన్నాళ్ళూ గుండె మీద చెయ్యేసుకుని బతికాను.

నిన్న మళ్ళీ తెల్లబడింది. ఈసారి ఎవర్నీ పిలవలేదు. టాస్క్ మేనేజర్ డీటైల్స్‌లో విన్‌వర్డ్, అంటే వర్డే, దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఎనలైజ్ వెయిట్ చైన్’ చూస్తే, వర్డ్ ఎవరికోసం ఎదురుచూస్తోందో దొరికింది: ప్రింటింగ్ పనిచూసే ‘ఎస్.పి.ఎల్.వావ్64’. పేజీ ఎలా కుదరాలో తెలుసుకోవడానికి వర్డ్ డిఫాల్ట్ ప్రింటర్‌ని అడుగుతుందట. మా డిఫాల్ట్ ప్రింటరేమో వారం నుంచి తీగ ఊడి మూలన పడుంది. ఆ ‘వావ్64’ ఒక్కదాన్ని ఎండ్ చేశాను. వర్డ్‌కి ప్రాణమొచ్చింది, చివరి అక్షరంతో సహా. డిఫాల్ట్ ప్రింటర్‌ని పీడీఎఫ్‌కి మార్చేశాను.

కాసేపటికి కుర్రాడు అటుగా వెళ్తూ అడిగాడు, “సేవ్ చేశారా మేడమ్?”

“చేశాను బాబూ. పేరు కూడా పెట్టాను.”