అదే ప్రసంగం, ఆడగొంతులో

"మహిళలు నాయకత్వానికి పనికొస్తారా?" అనే ప్రశ్న సర్వే ఫారంలో కనిపిస్తే నాకు నవ్వొస్తుంది. చంద్రగిరి, పాకాల పక్క పల్లెల్లో ఎవరిని అడిగినా "ఎందుకు పనికిరారమ్మా" అనే అంటారు. మీ సర్పంచ్ ఎవరంటే మాత్రం ఆమె భర్త పేరు చెప్తారు. పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్ళకే రిజర్వు చేసిన రాష్ట్రం మనది!

ఎస్వీ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎమ్మే చేశాక, పీహెచ్‌డీ చేసేవాళ్ళకు ఊళ్ళు తిరిగి సమాచారం తెచ్చిపెడుతున్నాను. మొహం మీద అడిగితే వినడానికి బాగుండే జవాబే వస్తుందని ఈ పనిలో తొందరగానే తెలుస్తుంది. ఓటర్ల మీద పరిశోధన చేసే లోక్‌నీతి సంస్థ వాళ్ళు ఎన్నికల సర్వేల్లో ఓటు ఎవరికేశారో నోటితో చెప్పించరు. నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, గుర్తు పెట్టి డబ్బాలో వేయమంటారు.

బెంగాల్‌లోని బీర్‌భూమ్ జిల్లాలో ఎస్తేర్ డుఫ్లో, రోహిణి పాండే తదితర ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన ఇంకా తెలివైనది. 2009లో అచ్చయింది. అక్కడ ఏ పంచాయతీ ప్రధాన్ (మన సర్పంచ్ లాంటి) పదవి మహిళకు పోతుందో లాటరీ లెక్కన తేలేది కాబట్టి, ఊరికీ ఊరికీ పోల్చడం కుదిరింది. ఒక నాయకుడి ప్రసంగాన్ని మగగొంతుతో ఒకసారి, ఆడగొంతుతో ఒకసారి రికార్డు చేశారు. ఒక్కొక్కరికి ఒక్కటే వినిపించి, ఈ నాయకుడు ఎట్లా ఉన్నాడని అడిగారు. మహిళా ప్రధాన్‌ను ఎప్పుడూ చూడని ఊళ్ళలో మగవాళ్ళు ఆడగొంతుకు తక్కువ మార్కులేశారు. చూసిన ఊళ్ళలో ఆ తేడా పోయింది. కానీ నాయకుడిగా ఎవరు కావాలంటే అక్కడి మగవాళ్ళు కూడా మగవాడే కావాలన్నారు. ఇష్టం అట్లాగే ఉంది, అంచనా మారింది. మొదటిసారి వచ్చిన మహిళకు ఊరు తక్కువ మార్కులే వేసింది, రెండోసారి వచ్చినామెకు ఆ కోత లేదు. ఒక్క టర్మ్ చూసి "ఆడవాళ్ళకిస్తే ఇంతే" అనేవాళ్ళు మా బంధువుల్లోనే చాలామంది ఉన్నారు, వాళ్ళకు ఇది చదివి వినిపించాలనుంటుంది.

అదే జిల్లాలో 495 ఊళ్ళు చూసి 2012లో ఇంకో పరిశోధన అచ్చేశారు. వరుసగా రెండుసార్లు మహిళకు రిజర్వైన ఊళ్ళలో, కొడుకు మీద ఉండే ఆశకూ కూతురి మీద ఉండే ఆశకూ మధ్య దూరం తల్లిదండ్రుల్లో 25 శాతం తగ్గింది. పిల్లల్లో 32 శాతం.

ఇంటి దగ్గర అడిగితే "మా ఆయప్ప వస్తాడు, ఆయప్పను అడుగు" అని ఆడవాళ్ళు లోపలికి పోతారు. అందుకే పొద్దున్నే పాలకేంద్రం దగ్గరికి పోతాను, పాలు పోసి నిలబడ్డప్పుడు బాగా మాట్లాడతారు. మీ సర్పంచమ్మ పనెట్లుందక్కా అని మొన్న ఒకామెను అడిగాను. "బోరు మోటరు కాలిపోతే రెండు దినాల్లో చేయించింది. మా ఇంట్లో మగోళ్ళు మాత్రం మొగుడే చేయించినాడంటారు" అంది.

ఫారంలో ఉన్నవి రెండే గడులు, 'సంతృప్తి', 'అసంతృప్తి'. నేను మార్జిన్‌లో మొత్తం రాసి పంపాను. గైడ్ ఏమంటారో చూడాలి.