అప్పన్న మొక్కు, అమెరికా ఫీజు

మంగళవారం. తొమ్మిది కాకముందే ఉక్కపోత. ఎమ్వీపీ కాలనీ రైతుబజార్లో బెండకాయలు కొని, ఆ సంచితోనే బ్యాంకుకి వెళ్ళాను. అమ్మానాన్నల అమెరికా వీసా ఫీజు కట్టాలి. అక్కడ మరదలికి నెలలు నిండుతున్నాయి, ఇది రెండో కాన్పు.

ఫోన్లోనే కట్టేద్దామనుకున్నా. కొత్త ఖాతాకి మొదటి రోజు అంత డబ్బు పంపనివ్వదట మా బ్యాంకు యాప్. అందుకే కాగితాలు ప్రింటు తీయించుకుని క్యూలో నిలబడ్డా. మొగుడూ పెళ్ళాలైనా సరే, ఎవరి ఫీజు వాళ్ళదే. మనిషికి 185 డాలర్లు. 2023 జూన్ దాకా 160 ఉండేది. కాన్సులేటు వాళ్ళు చెప్పిన రేటు ప్రకారం రూపాయల్లో కట్టాలి, అదీ లెక్కకి సరిగ్గా.

కౌంటర్లో కుర్రాడు నాన్న ఫీజు వెయ్యాల్సిన ఖాతా నంబరు చకచకా కొట్టేశాడు. అమ్మది కొడుతూ ఒక సున్నా మింగేశాడు.

"బాబూ, అక్కడ మూడు సున్నాలు కదా?"

"అయ్యో, అవునండీ," అని దిద్దాడు గానీ, నాకు ఏసీలో కూడా చెమట పట్టింది. నెఫ్ట్‌లో, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే పద్ధతిలో, డబ్బు అరగంటకోసారి కదులుతుంది కాబట్టి ఇంటికెళ్ళాక చూసుకోమన్నాడు. ఈలోగా బెండకాయలు సంచిలోనే వడిలాయి.

అమ్మ గుమ్మంలోనే అడిగింది. "వీసా రాకపోతే డబ్బులు ఎనక్కి ఇస్తారేటే?"

"ఇవ్వరమ్మా."

"అదేటి! సింహాచలం అప్పన్న పని అయ్యాకే కదా మొక్కు తీర్చమంటాడు. వీళ్ళు ముందే లాగేసుకుంటారా?"

నా దగ్గర జవాబు లేదు. నాన్న పేపరు వెనకాల నవ్వుకున్నారు. ఆయన బెంగ వేరే. హైదరాబాదులో వేలిముద్రలకోసారి, నానక్‌రామ్‌గూడలో కాన్సులేటు ఇంటర్వ్యూకోసారి వెళ్ళాలి. వరస రోజుల్లో తేదీలు దొరక్కపోతే రెండుసార్లు గోదావరి రైలు ఎక్కాలి. ఆ టికెట్ల ఖర్చు ఏ ఫీజులోనూ రాదు మరి.

రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ గోడు విని, వాడి గోడు వాడు చెప్పుకున్నాడు. పెద్దపిల్లకి ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళు వీసా లేకుండా ఇండియా రావడానికి ఇచ్చేది) తీయిస్తే మన దేశం వాళ్ళు 275 డాలర్లు తీసుకున్నారట. దాని కింద ఇంకో 2 డాలర్లు.

"ఆ రెండూ దేనికిరా?" అన్నాను.

పరాయి దేశాల్లో చిక్కుకున్న మనవాళ్ళకి సాయం చేసే నిధికిట. 2009లో పెట్టారు. డబ్బు లేనివాళ్ళ శవాలని ఇంటికి చేర్చడానికి కూడా అందులోంచే ఇస్తారట.

అమ్మ టీవీ గొంతు తగ్గించింది. శ్రీకాకుళంలో మా పిన్ని వాళ్ళ వీధి కుర్రాడొకడు గల్ఫ్‌కి వెల్డింగు పనికి వెళ్ళి పెట్టెలో వచ్చాడు. ఆ పెట్టె కోసం వాళ్ళమ్మ ఎన్ని రోజులు వీధి అరుగు మీద కూర్చుందో మా అమ్మ కళ్ళారా చూసింది.

"ఆ రెండు డాలర్ల గురించి మాత్రం ఏటీ అనకు," అంది వాడితో.

పడుకోబోయే ముందు చూస్తే రెండు ఫీజులూ చేరినట్టు కనిపించింది. రసీదు తీసిన నాటి నుంచి ఏడాదిలోపు ఇంటర్వ్యూ తేదీ పెట్టుకోవాలి. అమ్మ రెండు రసీదులూ మడిచి అప్పన్న పటం వెనక దోపింది. రేపు మళ్ళీ అక్కణ్ణుంచి తీసి జిరాక్సు తీయించాలి.