తొమ్మిదేళ్లు అమ్మాం, ఒక్కసారీ తినలేదు

పోయినేడాది ఎండాకాలంలో మా వరండాలో మూడు బస్తాల కోకో గింజలు అలాగే పడి ఉండిపోయాయి. కొనేవాళ్లకి ఫోన్ చేస్తే "వచ్చే వారం చూద్దామండి" అనేవారు. ఆ వచ్చే వారం ఎంతకీ రాలేదు. అంతకుముందు ఏడాది, 2024లో, ఇవే గింజలు కిలో వెయ్యి రూపాయలు పలికాయి. ఆఫ్రికాలో ఘనా, ఐవరీ కోస్ట్‌లలో పంట దెబ్బతిని, ప్రపంచ మార్కెట్లో టన్ను 10 వేల డాలర్లు దాటేసింది. మాకెక్కడి ఘనా, మాకెక్కడి డాలర్లు! అయినా ఆ ఏడాది మా చుట్టుపక్కల కోకో ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి కొన్నారు. మేం బోరు మోటారు మార్చి, వంటింటి మీద రేకులు తీయించి స్లాబు వేయించాం. 2025 వచ్చేసరికి ధర సగానికి పడిపోయింది. రైతులు ఏలూరు వెళ్లి ధర్నాలు చేశారు. మా మావయ్యగారు కూడా వెళ్లి, అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని వచ్చి, వారం రోజులు మిరియాల పాలు తాగారు.

ఆ రోజుల్లోనే ఓ మధ్యాహ్నం మా అత్తయ్య బస్తా మూతి విప్పి, ఓ గింజ తీసి నోట్లో వేసుకుని కొరికారు. వెంటనే ఉమ్మేశారు.

"ఇన్నేళ్ల నుంచీ అమ్ముతున్నాం కదా అమ్మాయ్, ఇది దేనికి పనికొస్తుందో మనం ఒక్కసారైనా చూశామా?"

చూడలేదు. మేం హైదరాబాద్ వదిలి జంగారెడ్డిగూడెం దగ్గరున్న ఈ తోటకి వచ్చింది 2016లో. అప్పుడిది పశ్చిమ గోదావరి, ఇప్పుడు ఏలూరు జిల్లా. అప్పటికే కొబ్బరి చెట్ల నీడన కోకో కాస్తోంది. కాయలు కోయడం, కొట్టడం, గింజలు పులియబెట్టడం, ఎండబెట్టడం, బస్తాకెత్తడం, తూకం వేయించడం. మా పిల్లలు మాత్రం కొట్లో పది రూపాయల చాక్లెట్ కొనుక్కునేవాళ్లు.

కోకో కాయ కొమ్మ చివర కాయదు. మేడి కాయల్లా మానుకే అంటుకుని ఉంటుంది. పండితే పసుపు రంగుకి తిరుగుతుంది. కోసేటప్పుడు చేత్తో పీకకూడదు, కత్తిరించాలి. ఎందుకంటే వచ్చే ఏడాది పూత మళ్లీ ఆ బుడిపె మీదే వస్తుంది. కత్తితో కోస్తే లోపలి గింజ తెగుతుందని కర్రతో కొట్టి పగలగొడతాం. లోపల తెల్లటి గుజ్జు అంటుకున్న గింజలు నలభై దాకా ఉంటాయి. ఆ గుజ్జు చప్పరిస్తే పుల్లగా, తియ్యగా బలే ఉంటుంది. ఉడతలకీ సంగతి మాకంటే ముందే తెలుసు. ఏటా వాటి వాటా అవి తీసుకున్నాకే మాకు.

ఆ గుజ్జుతో సహా గింజల్ని అరిటాకులు పరిచిన గంపల్లో పోసి, పైన ఆకులు కప్పి, ఆరు రోజులు ఉంచుతాం. రోజు విడిచి రోజు తిరగెయ్యాలి. మూడో రోజుకి చెయ్యి పెడితే చుర్రుమంటుంది. కింద మంట లేదు, ఏమీ లేదు, తనంతట తనే అంత వేడెక్కుతుంది. వాసన మొదట కల్లు కుండలా, తర్వాత వెనిగర్‌లా ఉంటుంది. ఆ వాసన రాకుండా ఎండబెట్టిన గింజకి చాక్లెట్ రుచి రాదు, చేదే మిగులుతుంది. తొమ్మిదేళ్లుగా చేస్తున్న పనే ఇదంతా, కాకపోతే వేరెవరి కోసమో.

సరే, రెండు కిలోలు తీసి ఇనప మూకుట్లో సన్నటి సెగ మీద వేయించాను. పావుగంటకి ఇల్లంతా వాసన. హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి పెన్సిల్ పడేసి వచ్చింది. పొట్టు నలిపి, అత్తయ్య చేటలో చెరిగారు. ఆమె చెరిగితే పొట్టు ఒక్క రేకు మిగలదు. నేను చెరిగితే పొట్టుతో పాటు పప్పు కూడా కోళ్లకి పోతుంది. (కోకో పొట్టు కోళ్లకీ కుక్కలకీ మంచిది కాదట. ఆ సంగతి తర్వాత తెలిసి, చెరగడం గట్టు అవతలికి మార్చాం.)

తర్వాత రుబ్బడం. కోకో పప్పులో సగం దాకా కొవ్వే ఉంటుంది. కాబట్టి రుబ్బుతుంటే పిండి అవదు, ముద్దై, ఆ తర్వాత జారుగా అవుతుంది. ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ చాలు. ఇక్కడే పప్పులో కాలేశాను. గ్రైండర్ కడిగి, గుడ్డతో తుడిచి, వెంటనే వేసేశాను. రాయిలో ఎక్కడో తడి ఉండిపోయింది. పది నిమిషాలకి నిగనిగలాడుతున్న ముద్ద ఒక్కసారిగా బిగుసుకుపోయి, మోటారు మూలగడం మొదలెట్టింది. చాక్లెట్‌కి నీటి చుక్క పడదని అప్పుడు తెలిసింది. వేరు చెయ్యడానికి మా ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చారు.

రెండోసారి రాళ్లని రెండు రోజులు ఎండలో పెట్టి, పప్పు మిక్సీలో బరకగా తిప్పి, వెచ్చగా ఉన్నప్పుడే వేశాను. మూడు గంటలు తిప్పితే ఆముదంలా జారింది. దాన్ని పళ్లెంలో పోస్తే నల్లటి పలకలా గడ్డకట్టింది. ఆ తర్వాత రెండు వారాలు మా ఇడ్లీలు గోధుమ రంగులో వచ్చాయి. మా మావయ్యగారు అవి రాగి ఇడ్లీలనుకుని ఒంటికి మంచిదని రెండు ఎక్కువ తిన్నారు. మేమూ చెప్పలేదు.

ఇక ఆ చాక్లెట్‌తో కేక్. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు కొన్న ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, ఒకటి ఉంది. కానీ మా దగ్గర సాయంత్రం వోల్టేజీకి ఫ్యానే బద్ధకంగా తిరుగుతుంది, అదేం కాలుతుంది? గంటన్నర ఉంచినా కేక్ పైన నీళ్లలా ఉండేది. దాంట్లో ఇప్పుడు పిల్లల బూట్లు పెడుతున్నాం.

పెరట్లో కట్టెల పొయ్యి మీద, మూకుట్లో ఇసక పోసి, ఇత్తడి గిన్నె పెట్టి చూశాను. అడుగు మాడింది, నడుమ పచ్చి. పిండి మార్చాను, సోడా మార్చాను, అదే మాడు. మూడోసారి గిన్నె బోర్లిస్తుంటే అత్తయ్య వచ్చి చూసి, "దిబ్బరొట్టె ఎలా కాలుస్తారే?" అన్నారు.

నాకు వెలగలేదు. నేను చేసే దిబ్బరొట్టె గ్యాస్ మీద, తిరగేసి కాల్చేది. ఆమెది అలా కాదు. మినప్పప్పు గట్టిగా రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, నూనె రాసిన మందపాటి గిన్నెలో అరచెయ్యంత మందాన పోసి, మూత మీద నిప్పులు వేసేవారు. కింద సన్నటి సెగ, పైన ఎర్రటి నిప్పులు. తిరగెయ్యక్కర్లేదు. రెండు వైపులా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉండేదట. చెరుకు పానకంతో తింటే ఇంకేం అక్కర్లేదట. ఓవెన్ అంటే ఏంటో ఈ ఇంట్లో ఆమెకి నాకంటే ముందు నుంచే తెలుసు, ఆ పేరే తెలీదు.

ఆ రోజు పొయ్యి ఆమె చేతుల్లోకి తీసుకున్నారు. కట్టెలన్నీ బయటికి లాగేసి, పొయ్యిలో గుప్పెడు నిప్పులే ఉంచారు. కొబ్బరి చిప్పలు విడిగా కాల్చి, మంట ఆరిపోయి ఎర్రగా కణకణలాడుతుంటే, పట్టకారుతో ఒక్కొక్కటీ మూత మీద అంచు చుట్టూ పేర్చారు. నడిమధ్యలో రెండే పెట్టారు. ఎందుకని అడిగితే, "నడుమ ఎలాగూ ఆఖర్న ఉడుకుతుంది, తొందరపెడితే పగులుద్ది" అన్నారు. కొబ్బరి చిప్ప నిప్పు కట్టె నిప్పు కంటే ఎక్కువ సేపు నిలుస్తుంది. బూడిద పట్టినప్పుడల్లా విసనకర్రతో ఓసారి విసిరేవారు. టైమర్ లేదు. వాసన మారాక చీపురు పుల్ల కడిగి గుచ్చి చూశారు. పొడిగా వచ్చింది.

ఆ కేక్‌లో మావి ఏవి, కొన్నవి ఏవి అని మా అబ్బాయి లెక్కపెట్టాడు. కోకో, నాటు కోడి గుడ్లు నాలుగు, గేదె వెన్న, పెరుగు, చోళ్ల పిండి మావి. మా వైపు రాగుల్ని చోళ్లంటాం. గోధుమ పిండి, వంట సోడా, చిటికెడు ఉప్పు కొన్నవి. బెల్లం పక్క ఊరి గానుగ దగ్గర, కొబ్బరికాయలు ఇచ్చి తెచ్చుకున్నాం కాబట్టి అది సగం మాది అని వాడి తీర్పు. అంతా చోళ్ల పిండే వేసి చూశాను గానీ, పట్టుకుంటే ఇసకలా రాలిపోయింది. దాంట్లో గోధుమలో ఉండే జిగురు లేదు. సగం సగం వేసి, చోళ్ల పిండిని ముందే పెరుగులో గంట నానబెడితే నిలుస్తోంది. బెల్లం మాత్రం కరిగించి వడగట్టాల్సిందే, లేకపోతే మూడో ముద్దకి పంటి కింద రాయి.

మీకేం, అన్నీ ఇంట్లోవే కదా అంటారు మా చుట్టాలు. వాళ్లకి నేనొకటే చెప్తాను. మాకు మూడెకరాల ఆయిల్ పామ్ ఉంది, నూనె ప్యాకెట్ మాత్రం కొట్లో కొంటాం. గెలలు కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, ఇంట్లో తీసుకునే నూనె కాదది. గోధుమ చలి పంట, మా ఎండలకి పండదు. బియ్యం ఎనిమిది నెలలకి వస్తాయి. మిగతా నాలుగు నెలలు అందరిలాగే కొనుక్కోవాలి. టీ పొడి, మందులు, స్కూలు బస్సు ఫీజు సరేసరి. ఊరికి వచ్చిన కొత్తలో నేనూ అన్నీ ఇంట్లోనే చేసెయ్యాలని సబ్బు కూడా కాచాను. దాంతో ఒళ్లు రుద్దుకున్నాక మా ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

ఆయనే కేక్‌కి కూడా లెక్క కట్టారు. కిలో ఎండు గింజలకి పాతిక కాయలు పట్టాయి. వేయించి పొట్టు తీస్తే ముప్పావు కిలో మిగిలింది. వెన్న నాలుగు రోజుల మీగడ. మా ఇద్దరి కూలీ కలిపితే, జంగారెడ్డిగూడెం బేకరీలో కేక్‌కి మూడింతలు పడిందని తేల్చారు. కూలి ఎవరికిచ్చారని అత్తయ్య అడిగారు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

బస్తాలు చివరికి అమ్ముడుపోయాయి, అనుకున్న ధరకి కాదు. ఈసారి నుంచి పది కిలోలు ఇంటికని పక్కన పెడుతున్నాం. వడ్లలో విత్తనాలు తీసి పెట్టినట్టే.

మా పక్క తోట అక్క వాళ్లు ఏటా క్రిస్మస్‌కి స్టీలు డబ్బాలో కేక్ పంపిస్తారు. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదు కాబట్టి, ఆ డబ్బా మా ఇంట్లోనే ఉండిపోయి, సంక్రాంతికి అరిసెలతో వాళ్లింటికి వెళ్తుంది. ఏళ్ల తరబడి ఇదే నడుస్తోంది. ఈ సంక్రాంతికి అరిసెల మీద నాలుగు కోకో కేక్ ముక్కలు కూడా పెట్టి పంపాను. సాయంత్రం గట్టు మీద కనిపిస్తే, ఎలా ఉందక్కా అని అడిగాను.

"అరిసెలు బావున్నాయమ్మా" అన్నారు. రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగి, "ఆ నల్లది కాస్త చేదు. అయినా మా ఆయన మూడు ముక్కలు తినేశారు. బెల్లం ఇంకో గుప్పెడు వెయ్యి" అన్నారు.