మావయ్యగారు రికార్డు రూము వెతికారు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

పోర్ట్ బ్లెయిర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది కానీ నాకింకా నోరు తిరగడం లేదు. డాబా మీద బట్టలారేస్తూ తలెత్తితే ఎదురుగా రాస్ దీవి కనిపిస్తుంది. దానికీ 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి అని పేరు మార్చారు, బోటు కుర్రాళ్లు మాత్రం ఇప్పటికీ "రాస్, రాస్" అనే కేకేస్తారు. ఇన్నాళ్లూ నా లెక్కలో అది చుట్టాలొచ్చినప్పుడు తీసుకెళ్లే చోటు, అంతే. నాలుగుసార్లు వెళ్లాను. నాలుగుసార్లూ జింకలతో ఫొటోలు దిగడం, కొబ్బరి బోండాం తాగడం, ఇంటికి రావడం.

ఈరోజు మావయ్యగారిని తీసుకెళ్లాను. ఈయనకి డ్యూటీ పడింది. నేనూ, బాబూ, ఆయనా.

మావయ్యగారు పోయిన వారం విశాఖ నుంచి ఓడలో వచ్చారు. మూడు రాత్రులు. విమానం టికెట్టు తీస్తామంటే వద్దన్నారు. "చిన్నప్పుడు అల్లరి చేస్తే నిన్ను ద్వీపాంతరం పంపించేస్తార్రా అని మా తాత బెదిరించేవాడు. పంపితే ఓడలోనే కదమ్మా పంపుతారు, అదేటో చూద్దామనుకున్నాను" అన్నారు. శ్రీకాకుళం జిల్లాలో రెవెన్యూలో ముప్పై ఏడేళ్లు చేసి డిప్యూటీ తాసిల్దారుగా రిటైరయ్యారు. రిటైరై పదిహేనేళ్లు దాటినా చొక్కా జేబులో చిన్న డైరీ, పెన్నూ లేకుండా వీధిలోకి వెళ్లరు.

అబర్డీన్ జెట్టీ దగ్గర బోటు టికెట్టుకి ఫారం నింపాలి. పేరు, వయసు, ఆధార్ నంబరు. నేనెప్పుడూ విసుక్కుంటూ నింపే ఆ కాగితాన్ని ఆయన లాక్కుని, ముగ్గురివీ గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాశారు. కౌంటరులో అబ్బాయి ఇచ్చిన చీటీని రెండుసార్లు చదివి, అందులోని బోటు పేరు, తిరుగు టైము డైరీలో ఎక్కించుకున్నారు. వెళ్లిన బోటులోనే రావాలి మరి, ఇచ్చేది రెండు గంటలు. చీటీ నా చేతిలో పెట్టారు.

బోటు ప్రయాణం పావుగంట కూడా ఉండదు. దిగగానే జపాను వాళ్ల బంకరు. బాబు అందులోకి దూరి కాసేపు యుద్ధం చేశాడు. బ్యాటరీ బండి ఎక్కుదాం మావయ్యా, మోకాళ్లు నొప్పంటారుగా అన్నాను. "ఆఫీసు చూడ్డానికి బండేటమ్మా, నడుద్దాం."

ఆఫీసు! ఆ మాట నాకెప్పుడూ తట్టలేదు. నిజానికి రాస్ అంటే అదే. 1858 మార్చిలో డాక్టర్ వాకర్ అనే జైలు అధికారి 200 మంది ఖైదీలతో ఇక్కడికొచ్చాడు. అంతకు ముందు ఏడాది తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్లు. ఈ దీవి మీద అడవిని సంకెళ్లతోనే నరికించారు. పారిపోయి మళ్లీ దొరికినవాళ్లని 80 మందికి పైగా, ఒక్కరోజులోనే ఉరితీయించాడా వాకరు. ఆ తర్వాత ఎనభై ఏళ్లకి పైగా అండమాన్ అంతటికీ హెడ్‌క్వార్టర్సు ఇదే. ఖైదీలు ఎక్కువమంది అటు పోర్ట్ బ్లెయిర్ వైపు దీవుల్లో, దొరలు ఇటు. మధ్యలో ఈ కాస్త నీళ్లు.

దారిలో ఒక్కొక్క శిథిలానికీ బోర్డులు పెట్టారు. బేకరీ, ప్రెస్సు, ఈతకొలను, టెన్నిస్ కోర్టు, చర్చి. ఫర్జంద్ అలీ స్టోర్ అని ఒక కొట్టు. పైకప్పులు ఎక్కడా లేవు. గోడల మీంచి మర్రిజాతి చెట్ల వేళ్లు జడలు జడలుగా దిగి, కిటికీల్లోంచి దూరి, గుమ్మాలు పట్టుకుని ఉన్నాయి. కొన్నిచోట్ల గోడ కూలిపోయి వేళ్లు మాత్రమే గోడ ఆకారంలో మిగిలాయి. ఫొటోలకి బాగుంటుందని జనం అక్కడే ఆగుతారు. మావయ్యగారు ఆగింది సబార్డినేట్స్ క్లబ్బు అన్న బోర్డు దగ్గర.

"చూశావా, క్లబ్బులోనూ క్యాడరే. దొరలది వేరు, కింది స్టాఫుది వేరు." నవ్వారు. "మనోళ్లం ఇక్కడ."

లోపలికి తొంగి చూసి "డ్యాన్సు ఫ్లోరు కాబోలు" అన్నారు, అక్కడ మట్టి, ఎండుటాకులు తప్ప ఏమీ లేకపోయినా.

మెట్లెక్కి పైకి వెళ్తే చీఫ్ కమిషనర్ బంగళా. దీవి మొత్తంలో గాలి బాగా తగిలే చోటు చూసి కట్టుకున్నారు. ఇప్పుడున్నవి ఎర్ర ఇటుక గోడలు, కమానులు, రాతి మెట్లు. నేను నీడ చూసుకుని కూర్చున్నాను. ఆయన కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, జమాబందీకి వచ్చిన ఆఫీసరులా, గది తర్వాత గది తిరగడం మొదలుపెట్టారు. తలెత్తి పైకి చూస్తున్నారు.

ఏం చూస్తున్నారు మావయ్యా అన్నాను.

"పంకా కొక్కేలు."

మావయ్యగారు మొదట చేరిన తాలూకాఫీసు కూడా తెల్లవాళ్లు కట్టిందేనట. ఒకే కాంపౌండులో ఆఫీసు, ట్రెజరీ, సబ్‌జైలు. తాసిల్దారు గది కప్పుకి పంకా వేలాడదీసిన ఇనుప కొక్కేలు ఆయన సర్వీసులో కూడా ఉండేవట. గోడకి ఒక కంత, అందులోంచి తాడు, అవతల వరండాలో కూర్చుని లాగే మనిషి. లోపలి దొర మొహం బయటి పంకా మనిషికి తెలీదు, బయటివాడి మొహం లోపలాయనకీ తెలీదు. "తాడొక్కటే తెలుసు ఇద్దరికీ" అన్నారు. ఇక్కడ కొక్కేలు దొరకలేదు. కప్పుంటే కదా. ఆ ఎత్తున ఒక వేరు, దాని వెనక ఆకాశం.

అప్పుడడిగారు, "అమ్మా, రికార్డు రూము ఏదీ?"

బోర్డులన్నీ చదివాను కాబట్టి చెప్పగలను, రికార్డు రూము అని ఎక్కడా లేదు. ఇది ఇల్లు మావయ్యా, ఆఫీసు కాదేమో అన్నాను. "కలెక్టరు బంగళాలో క్యాంపాఫీసు ఉండదా? ఆఫీసుందంటే కాయితాలు, కాయితాలుంటే రికార్డు రూము. ఇంతమందిని తెచ్చి పెట్టినోడు లెక్క రాయకుండా ఉంటాడా?" కిటికీలు చిన్నగా, పైకి ఉండాలట. గోడ మందంగా, నేల ఎత్తుగా ఉండాలట, చెద పట్టకుండా. ఆ ఆనవాళ్లతో కింది దాకా దిగి, ప్రెస్సు బోర్డున్న చోట చుట్టూ తిరిగి వచ్చారు. బాబుకిదో ఆటయిపోయింది. "దాదా, ఇధర్ దేఖో, ఇక్కడ ఖిడ్కీ చిన్నగా ఉంది" అని ప్రతి గోడ దగ్గరా అరుస్తున్నాడు. వాడి తెలుగు అలా ఉంటుంది, స్కూల్లో అంతా హిందీయే. ఇంతకు ముందు వాడు అలా అంటే మావయ్యగారు నావైపు చూసేవారు. ఈరోజు ఆ పట్టింపు లేదు, ఖిడ్కీలు వెతుకుతున్నారు.

నాకు మొన్న శుక్రవారం సెల్యులార్ జైలు మ్యూజియంలో ఆయన చాలాసేపు నిలబడిన చోటు గుర్తొచ్చింది. ఖైదీ మెడలో వేలాడదీసే చెక్కబిళ్ల. దాని మీద ఖైదీ నంబరు, ఏ సెక్షను కింద శిక్ష, ఎప్పుడు పడింది, ఎప్పుడు విడుదల. నేను సంకెళ్లు, నూనె గానుగ చూసి కళ్లనీళ్లు పెట్టుకుని ముందుకెళ్లిపోయాను. ఆయన బిళ్ల దగ్గరే ఆగిపోయారు. అప్పుడేమీ అనలేదు, ఈరోజు ఆ మెట్ల మీద కూర్చుని అన్నారు. "అడంగల్‌లో నేలకి రాస్తాం. సర్వే నంబరు, ఎకరాలు, పంట. వీళ్లు మనిషికి రాసి, ఆ రాసింది మనిషికే కట్టారు. ఫైలు వాడే, బంట్రోతూ వాడే."

రంప వాళ్లు కూడా వచ్చారు కదమ్మా ఇక్కడికి, అన్నారు తర్వాత. వచ్చారు. 1879 నాటి రంప తిరుగుబాటులో పట్టుబడ్డవాళ్లలో కొందరిని ఈ దీవులకే పంపారు. సెల్యులార్ జైలు అప్పటికి లేదు, దాన్ని 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు. కాబట్టి ఆ కొండవాళ్ల పేర్లు ఎక్కిన రిజిస్టర్లు ఈ దీవి మీది బల్లల మీదుగానే వెళ్లి ఉండాలి. గోదావరి మన్యం పేర్లని ఇక్కడి గుమస్తా ఎలా రాసుంటాడో, ఇంటిపేరు ముందు రాశాడో వెనక రాశాడో అని ఆయనకి అనుమానం. తర్వాత అల్లూరి దళంలోని గాం మల్లుదొర వచ్చాడు. ఉరిశిక్ష ద్వీపాంతరంగా మారింది. ఆయన బతికి బయటపడి 1952లో మొదటి లోక్‌సభకి విశాఖ నుంచి వెళ్లాడు. కాకినాడ బాంబు కేసు ప్రతివాది భయంకరాచారి కూడా ఈ నీళ్లు దాటినవాడే. ఇవన్నీ మావయ్యగారికి తెలుసు, నాకు సగమే తెలుసు. చిన్నప్పుడు పుస్తకంలో చదివి మర్చిపోయిన సగం.

మరి ఇదంతా ఎందుకు వదిలేశారు అని బాబు అడిగాడు. 1941 జూన్ 26న పెద్ద భూకంపం వచ్చింది, 8కి అటూ ఇటూ తీవ్రతతో. దీవి దెబ్బతింది, ఆఫీసు అటు ఒడ్డుకి మారింది. తర్వాతి ఏడు మార్చిలో జపాను వాళ్లు దిగారు. 1943 డిసెంబరులో నేతాజీ వచ్చినప్పుడు బస ఈ బంగళాలోనే అంటారు. 1945లో బ్రిటిష్‌వాళ్లు తిరిగొచ్చారు కానీ ఈ దీవిలో మళ్లీ కాపురం పెట్టలేదు. 1979 నుంచి నేవీ చూసుకుంటోంది. ఇదంతా వాడికి తెలుగులో చెప్పబోయి మధ్యలో హిందీలోకి జారిపోయాను. మావయ్యగారు పట్టుకున్నది ఒక్కటే, జపాను వాళ్లు లొంగిపోయే ముందు తమ కాగితాలన్నీ తగలబెట్టి పోయారన్నది. "ముందు తగలబెట్టేది ఎప్పుడూ కాయితాలే" అన్నారు, అదేదో తన సర్వీసులో జరిగినట్టు.

ఆయన ఆఫీసులో పరిష్కారమైన ఫైలు మీద డి.డిస్ అని రాస్తే పదేళ్ల తర్వాత తగలబెట్టొచ్చట. ఆర్.డిస్ అని రాస్తే శాశ్వతంగా ఉంచాలట. పాత ఇనాం భూముల ఫైళ్లకి ఆర్.డిస్ వేయించడానికి ఒకసారి పైఅధికారితో పోట్లాడారట. ఆ కథ నేను పెళ్లయిన కొత్తలో ఒకసారి విన్నాను. మళ్లీ విన్నాను. ఈసారి కొంచెం శ్రద్ధగా.

ఇంతలో జింకలు వచ్చాయి. ఇక్కడి చుక్కల జింకలు తెల్లదొరలు వేటకి తెచ్చి వదిలిన వాటి సంతానమట. వేటాడేవాళ్లు పోయారు, ఇవి మిగిలాయి, మనుషుల మీదకి కుక్కపిల్లల్లా వచ్చేస్తాయి. నేను బ్యాగులోంచి సెల్ తీస్తూ చీటీ పక్కన పెట్టాను. ఒక్క క్షణం. బాబు "అమ్మా, హిరణ్!" అనేసరికి చూస్తే దాని నోట్లోంచి చీటీ అంచు వేలాడుతోంది. లాగాను. సగం వచ్చింది, ఆ సగంలో బోటు పేరు లేదు.

నాకు టెన్షన్. బోటు పేరు తెలీకపోతే జెట్టీలో నాలుగు బోట్లవాళ్లనీ బతిమాలాలి. మావయ్యగారు మాత్రం తొణకలేదు. చొక్కా జేబులోంచి డైరీ తీసి, కళ్లజోడు సర్దుకుని, బోటు పేరు, తిరుగు టైము, ముగ్గురి పేర్లు చదివారు. అంతసేపట్లో ఆయన ముఖం వెలిగింది అప్పుడే. "అసలు పోయినా నకలుండాలమ్మా."

జెట్టీకి దిగుతూ దారిలో ఒక విరిగిన ఇటుక మీద కంపెనీ ముద్ర ఉందేమోనని వంగి చూశారు. లేదు. తీసుకుందామా తాతా అని బాబు అడిగితే, "సర్కారు ఆస్తి, పెట్టెయ్" అన్నారు. వాడు పెట్టేశాడు. చేతికి అంటుకున్న ఎర్ర పొడి నిక్కరుకి తుడుచుకున్నాడు, అది ఉతికితే పోలేదు.

తిరుగు బోటులో ఆయన దీవి వైపు కాకుండా ఊరి వైపు తిరిగి కూర్చున్నారు. ఇటువైపు చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు, జెట్టీ, పార్కు, కొండ మీద జైలు. "ఇక్కడినించి చూసి రాసేవాడన్నమాట" అన్నారు. ఎవరు అని నేను అడగలేదు.

ఆ కాగితాలు మొత్తం పోలేదని ఇంటికొచ్చాక చెప్పాను. హోం శాఖలో పోర్ట్ బ్లెయిర్ పేరు మీద ఒక విభాగమే నడిచింది, ఆ ఫైళ్లు ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చెప్పకపోయినా బాగుండేది. సాయంత్రం నుంచి ఢిల్లీ వెళ్లే మాట మాట్లాడుతున్నారు. మొన్నటి దాకా ఓడ దిగితే చాలన్న మనిషి. ఈయన డ్యూటీ నుంచి వచ్చి "నాన్నకి ఏం చూపించావు?" అని అడిగారు. జింకల్ని అన్నాను.

ఇప్పుడు హాల్లో లైటు వెలుగుతోంది. అన్నం తిన్నాక డైరీ ముందేసుకుని కూర్చున్నారు. ఇందాక కేకేశారు, "అమ్మా, బోండాలు మూడా, నాలుగా?" మూడే మావయ్యా, బాబు నాది సగం తాగాడు అన్నాను. కాసేపు పెన్ను చప్పుడు. మళ్లీ అడిగారు, "ఆ చీటీ సగముంది కదా, పారీలేదు కదా?"

బ్యాగులో వెతికి తీసుకెళ్లి ఇచ్చాను. తడి ఆరి గట్టిపడింది. జింక పళ్ల గుర్తులు అంచు పొడుగునా ఉన్నాయి.