జాలీబాయ్ నీళ్లలో నా మీసం పరువు

ముందుగా ఒక మాట. నాకు ఈత వచ్చు. పదేళ్ల వయసులో మా ఊరి మోటబావిలో, నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టించుకుని నేర్చుకున్నాను. పన్నెండో ఏటికి గట్టు మీది నుంచి దూకి అడుగున ఉన్న బురద గుప్పిట్లో పట్టుకుని పైకి వచ్చేవాణ్ణి. ఈ సంగతి విమానంలో మా ఇంటావిడకు రెండుసార్లు, పడవలో పక్కన కూర్చున్న మహారాష్ట్ర దంపతులకు ఒకసారి చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది.

సంక్రాంతి సెలవుల్లో అమ్మను, ఇంటావిడను, ఇంటర్ చదివే మా అమ్మాయిని తీసుకుని అండమాన్ వెళ్లాం. హనుమకొండ నుంచి శంషాబాద్ కారులో, అక్కడి నుంచి విమానంలో. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ, మేము ఎక్కిన ఆటోలన్నిటిలో పాత పేరే వినిపించింది.

హనుమకొండలో మాకు టూరు కట్టిన ఏజెంటు జాలీబాయ్ దీవిని సోమవారానికి పెట్టాడు. సోమవారం ఆ దీవికి సెలవు. ఈ ముక్క మాకు చెప్పింది హోటల్లో కాఫీ ఇచ్చే కుర్రాడు. పైగా ఏజెంటు 'ఏ నెలలో వెళ్లినా జాలీబాయే సార్' అన్నాడు. అదీ అబద్ధమే. పగడాలు కోలుకోవాలని కొన్ని నెలలు జాలీబాయ్, మిగతా నెలలు రెడ్‌స్కిన్ దీవి తెరుస్తారు. అదృష్టం కొద్దీ మేము వెళ్లింది జనవరి. అటవీ శాఖ అనుమతి పత్రం లేకుండా పడవ ఎక్కనివ్వరు. అది ముందురోజే చేతిలో ఉండేటట్టు చూసుకోండి, ఏజెంటు మాట మీద మాత్రం ఉండకండి.

మంగళవారం తెల్లవారుజామున వండూర్ రేవుకు వెళ్లాం. అక్కడ సంచులు విప్పి చూస్తారు, ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా దీవికి పోకూడదు. 1983లో ఏర్పడిన సముద్ర జాతీయ ఉద్యానం అది. అలా చూడడమే న్యాయం, నాకు కోపం లేదు. కానీ మా అమ్మ సకినాలను ఐదు ప్లాస్టిక్ కవర్లలో, ఒకదానిలో ఒకటి పెట్టి తెచ్చింది. మెత్తబడతాయని భయం. మా వెనుక క్యూ పెరుగుతోంది, ఒక్కో కవరూ బయటకు వస్తోంది. చివరికి అమ్మ సకినాలన్నిటినీ కొంగులో పోసుకుని మూట కట్టి, 'ఇది గుడ్డే కదా బిడ్డా, దీన్నీ విప్పుతారా?' అని ఆ ఉద్యోగిని అడిగింది. ఆయన నవ్వి పంపించాడు. స్టీలు డబ్బా తీసుకెళ్లండి.

పడవ ప్రయాణం మడ అడవుల మధ్య నుంచి, హాయిగా ఉంది. దీవికి రేవు లేదు కాబట్టి అద్దం అడుగున్న చిన్న పడవలోకి మారాలి. అమ్మకు పగడాలన్నీ అందులోంచే కనిపించాయి. తెలివైన మనిషి, నీళ్లలోకి దిగనే లేదు.

ఇక నా సంగతి. నేను దిగింది స్నార్కెలింగ్‌కు, అంటే తల నీళ్లలో ముంచి, గొట్టంతో గాలి పీలుస్తూ పగడాలు చూడడానికి. గైడు కుర్రాడి తాతలది శ్రీకాకుళమట, చక్కగా తెలుగు మాట్లాడాడు. లైఫ్ జాకెట్ తొడిగి, కళ్లద్దాలకు లోపల ఉమ్మి రుద్ది కడగమన్నాడు, ఆవిరి పట్టదట. ముక్కు అద్దం లోపలే ఉంటుంది కాబట్టి గొట్టంతో నోటితోనే గాలి పీల్చాలి. రబ్బరు రింగు పట్టుకుంటే తాడుతో లాక్కెళ్తానన్నాడు. 'రింగు ఆడవాళ్లకు ఇవ్వు బాబూ, నేను బావిలో ఈదినవాణ్ణి' అన్నాను.

తల ముంచాను. మొదటి శ్వాస ముక్కుతోనే వెళ్లింది, నలభై ఆరేళ్ల అలవాటు. అద్దంలోకి ఉప్పునీరు వచ్చింది. తల ఎత్తి, పారబోసి, బిగించాను. మళ్లీ వచ్చింది. ఇంకా బిగించాను, కణతలు నొప్పెట్టాయి, నీరు మాత్రం ఆగలేదు. ఈలోగా ఒక అల గొట్టంలో పడి నేరుగా గొంతులోకి దిగింది. బోర్లా పడి ఈదుదామంటే జాకెట్ చెవుల దాకా లేచి నన్ను నిలువుగా నిలబెట్టింది. నేను నేర్చిన ఈత ఒంటి మీద గోచీతో నేర్చినది, జాకెట్‌తో కాదు. కింద నేల అందేటట్టే కనిపించింది, కాళ్లు చాపాను. అందలేదు. నీటి వక్రీభవన గుణకం 1.33, నాలుగు అడుగుల దూరం మూడుగా కనిపిస్తుందని ప్రతి ఏడాదీ బోర్డు మీద రాసి చెప్పే ఫిజిక్స్ లెక్చరర్‌ని నేను. ఇంకాస్త కొట్టుకుపోయాక మడమకు గట్టిగా ఏదో తగిలింది.

'మాస్టారూ! కాళ్లు ఎత్తండి! అవి పగడాలు, ప్రాణమున్నవి!' గైడు కేక దీవి మొత్తానికి వినిపించింది. మహారాష్ట్ర దంపతులు కూడా తలలు ఎత్తి చూశారు. అతను నా జాకెట్ మెడ దగ్గర పట్టుకుని, చెరువులో దిగిన గేదెను తోలుకొచ్చినట్టు ఒడ్డుకు లాక్కొచ్చాడు. మా అమ్మాయి రింగు మీద తేలుతూ, 'అమ్మా, నాన్న అచ్చం రామప్ప ఇటుకే! తేలుతాడు అంతే, ఈదడు' అంది. ఏనాడూ మోకాటి లోతు దాటని మా ఇంటావిడ అప్పటికి రెండు చుట్లు తిరిగి వచ్చింది.

'మీసం మాస్టారూ' అన్నాడు గైడు. వెంట్రుకల మీద రబ్బరు అంటుకోదట. జేబులోంచి వాజిలీన్ డబ్బీ తీశాడు.

'మరి మొదటే ఎందుకు చెప్పలేదు?'

'మీరు అన్నీ వచ్చన్నారు కదండీ.'

మీసానికి దట్టంగా వాజిలీన్ పూసుకుని, రెండు చేతులా రింగు పట్టుకుని మళ్లీ దిగాను. ఈసారి నీరు రాలేదు. కొరుకుతున్న చప్పుడు వినిపించి పక్కకు చూస్తే ఒక చిలుక చేప పగడాన్ని గీకి తింటోంది. తిన్న రాయిని పిండి చేసి ఇసుకగా వదులుతుందట. కొన్నిచోట్ల పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. నీరు వేడెక్కితే తమలో బతికే నాచును బయటికి తోసేసి అలా పాలిపోతాయని గైడు తరువాత చెప్పాడు. ఒక నారింజ రంగు చేప నా అద్దం దాకా వచ్చి, నన్ను చూసి వెనుదిరిగింది. పది నిమిషాలు ఉన్నానో లేదో, టైమైపోయిందని కేక వేశారు.

తిరుగు పడవలో అమ్మ మూట విప్పింది. సకినాలు మెత్తబడ్డాయి. అయినా గైడుకు నాలుగు పెట్టింది.

మడమ మీద గీత ఇంకా మానలేదు, చెప్పు వేసుకుంటే ఒరుసుకుంటోంది. అయినా సోమవారం వృథా అయిన కారు డబ్బు సంగతి తేల్చుకోవడానికి రేపు పొద్దున్నే ఆ ఏజెంటు దగ్గరికి వెళ్తున్నాను.