పున్నమికి ముందు కొమొడో నీళ్ళలో

దసరా సెలవులకు ఇండోనేసియాలోని కొమొడో దీవుల దగ్గర స్కూబా డైవింగ్‌కు వెళ్తున్నామని చెప్పినప్పుడు మా అమ్మ ఖర్చు గురించి గానీ సొరచేపల గురించి గానీ అడగలేదు. భీమునిపట్నంలో పుట్టి పెరిగిన మనిషి కనుక గోడ మీది క్యాలెండర్ వైపు చూసి, "దశమికి దిగితే పున్నమి దాకా అక్కడే ఉంటారన్నమాట. పున్నమి నాడు మాత్రం నీళ్ళలోకి దిగకండమ్మా" అన్నది. సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఫోన్‌లో ఆ మాట విని నవ్వాడు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను.

విశాఖ నుంచి సింగపూర్ చేరి, తమ్ముడిని కలుపుకొని బాలికి, అక్కడి నుంచి గంటన్నర లోపు ప్రయాణంతో ఫ్లోరెస్ దీవి పడమటి కొసన ఉన్న లబువాన్ బాజోకు చేరుకున్నాను. బాలి విమానాశ్రయంలో వీసాకు ఐదు లక్షలు కట్టమన్నప్పుడు గుండె ఒక్కసారి ఆగినంత పనైంది గానీ, అవి ఇండోనేసియా రుపయ్యాలు. మన లెక్కలో మూడు వేల లోపే. లబువాన్ అంటే రేవు, బాజో అంటే తరతరాలుగా పడవల మీదే బతికిన ఒక సముద్ర జాతి పేరు. ఊరు ఇప్పుడు హోటళ్ళతో నిండిపోయింది కానీ, రేవులో నిలబడితే ఆ పేరు ఇంకా సరిపోతూనే ఉందనిపిస్తుంది.

కొమొడో, రింకా, పాదార్ అనే మూడు పెద్ద దీవులను, వాటి చుట్టూ ఉన్న చిన్న దీవులను కలిపి 1980లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 1991లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వచ్చేవారిలో ఎక్కువ మంది కొమొడో డ్రాగన్ అనే పెద్ద బల్లిని చూడటానికి వస్తారు. డైవర్లు మాత్రం నీటి వడి కోసం వస్తారు. ఉత్తరాన వెచ్చని ఫ్లోరెస్ సముద్రం, దక్షిణాన హిందూ మహాసముద్రం వైపు నుంచి వచ్చే చల్లని నీరు, ఈ రెంటి నడుమ అడ్డుగోడలా ఈ దీవులు ఉన్నాయి. పసిఫిక్ వైపు నీటి మట్టం హిందూ మహాసముద్రం వైపు కన్నా కొంత ఎత్తుగా ఉండడం వల్ల ఇండోనేసియా దీవుల సందుల గుండా నీరు దక్షిణానికి పారుతూనే ఉంటుంది. దానికి ఆటుపోట్లు తోడైనప్పుడు ఇరుకైన జలసంధుల్లో సముద్రం వరద గోదావరిలా మారి, రోజుకు నాలుగు సార్లు దిశ మార్చుకుంటుంది. ఆ ప్రవాహమే అడుగు నుంచి చల్లని, సారవంతమైన నీటిని పైకి తోడి పగడాలకూ చేపలకూ మేత అందిస్తుంది.

మేము ఎక్కిన పడవలో నలుగురు డైవర్లం, ఇద్దరు గైడ్‌లు, ఒక సరంగు. సరంగు దగ్గర ఆటుపోట్ల పట్టిక ఒకటి ఉండేది. మొదటి రాత్రి మా గైడ్ దాన్ని తెరిచి, ఈ రోజు అంకెలు చిన్నవి, రేపటి నుంచి పెరుగుతాయి, చివరి రోజుకు ఇంత అని వేలితో చూపించాడు. అష్టమి వెళ్ళిన ఒకటి రెండు రోజులకు ఆటుపోట్లు బాగా తగ్గుతాయి. అప్పుడు సూర్యచంద్రుల ఆకర్షణ ఒకదానికొకటి అడ్డంగా పనిచేస్తుంది. పున్నమికి, అమావాస్యకు అవి ఒకే వరుసలోకి వచ్చి సముద్రాన్ని ఎక్కువగా లాగుతాయి. తమ్ముడు నా వైపు చూసి, "అక్కా, ఇది మన అమ్మ క్యాలెండరే కదా" అన్నాడు.

విజయదశమి నాడు సియాబా బెసార్ అనే ప్రశాంతమైన చోట మమ్మల్ని పరీక్షగా దింపారు. తాబేళ్ళు గడ్డి మేస్తున్న పశువుల్లా నింపాదిగా తిరుగుతున్నాయి. నేను 2019లో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ నేర్చుకున్నాను. ఇరవై ఎనిమిది డైవ్‌లు చేసి ఉన్నాను. ఈతలో నాకు తిరుగులేదన్న నమ్మకమూ ఉంది. ఆ నమ్మకం మర్నాటి దాకా నిలిచింది.

ఏకాదశి నాడు బతు బొలోంగ్‌కు వెళ్ళాము. కొమొడోకూ తతావా అనే చిన్న దీవికీ మధ్య నీటి పైకి కాస్త పొడుచుకొని వచ్చిన రాయి అది. దానికొక కన్నం ఉంది, పేరుకు అర్థం కూడా కన్నపు రాయి అనే. పైన చిన్న బండే గానీ, కింద నిటారుగా డెబ్బై మీటర్లకు మించి దిగిపోతుంది. ప్రవాహం ఆ రాతిని ముందు నుంచి గుద్దుకొని రెండు పాయలుగా చీలి పక్కల నుంచి దూసుకుపోతుంది. రాతి వెనుక, వాన వస్తే చెట్టు మొదట్లో మిగిలే పొడి నేలంత చోటులో, నీరు నిలకడగా ఉంటుంది. డైవ్ అంతా ఆ చోటులోనే చేయాలి. గైడ్ మమ్మల్ని ఇరవై ఐదు మీటర్ల దాకా దింపి, అక్కడి నుంచి కుడికీ ఎడమకీ ఊయలలా తిప్పుతూ మెల్లగా పైకి తెచ్చాడు. ప్రతిసారీ అంచు దగ్గరికి రాగానే చెయ్యి అడ్డం పెట్టి ఆపేవాడు.

ఆ అంచు ఎక్కడుందో నాకు మొదట కనబడలేదు. తరువాత చేపలను చూడడం నేర్చుకున్నాను. రాతిని అంటిపెట్టుకొని ఉండే నారింజ రంగు చిన్న చేపలు వేల సంఖ్యలో ఉంటాయి. నీరు నిలకడగా ఉన్నచోట అవి రాతి నుంచి దూరంగా పరచుకొని మేత ఏరుకుంటాయి. వడి పెరిగినచోట అన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి రాతికి కరుచుకుపోతాయి. విసనకర్ర పగడాలు ప్రవాహానికి అడ్డంగా, తెరచాపలా విచ్చుకొని పెరుగుతాయి కనుక, నీరు నిలిచి ఉన్న వేళ కూడా అక్కడ ప్రవాహం ఎటు నడుస్తుందో వాటిని చూసి చెప్పవచ్చు. ఒకప్పుడు ఈ దీవుల్లో బాంబులు పేల్చి చేపలు పట్టడం వల్ల చాలా పగడాలు పిండైపోయాయి. బతు బొలోంగ్ చెక్కు చెదరకుండా మిగిలింది ఈ వడి వల్లనే, ఇక్కడ నిలిచి వేటాడడం జాలరులకు సాధ్యపడలేదు అంటారు. అక్కడ వేలెడు ఖాళీ రాయి కూడా నాకు కనబడలేదు.

ద్వాదశి నాడు కరంగ్ మకస్సార్ అనే చోట టేకు చేపల కోసం దిగాము. విశాఖ ఫిషింగ్ హార్బరులో ఎండబెట్టిన టేకులను చూస్తూ పెరిగిన నాకు, మూడు మీటర్ల వెడల్పు రెక్కలతో బతికి ఉన్న మాంటా టేకు తల మీదుగా పోవడం ఇంకో లోకపు సంగతి. ఇక్కడ లోతు పది పన్నెండు మీటర్లే. అడుగంతా విరిగిన పగడపు ముక్కలు. చూడటానికి అందమైన చోటు కాదు. ప్రవాహం మమ్మల్ని నేలకు సమాంతరంగా మోసుకుపోతూ ఉంటే, పైన పడవ మా బుడగలను వెంబడించింది. మాంటాలు ఒక పగడపు దిబ్బ మీద ప్రవాహానికి ఎదురుగా, రెక్క కూడా సరిగా ఆడించకుండా నిలబడి, చిన్న చేపల చేత ఒళ్ళు శుభ్రం చేయించుకుంటున్నాయి. నేను రెండు చేతులతో చచ్చిన పగడపు రాయి పట్టుకొని, కాళ్ళు జెండాలా కొట్టుకుంటూ ఉంటే, ఆ ప్రాణి గాలి లేని గదిలో ఉన్నట్టు నిలబడింది. ఇండోనేసియా 2014లో మాంటాల వేటను దేశమంతటా నిషేధించింది. ఆ మధ్యాహ్నం మేము పదకొండింటిని లెక్కపెట్టాము. అందులో ఒకే దాన్ని రెండుసార్లు లెక్కపెట్టామని తమ్ముడి వాదన.

త్రయోదశి నాడు క్యాజిల్ రాక్. గిలి లావా లౌత్ దీవికి ఉత్తరాన నీటి పైకి కనబడని ఒక కొండ అది. శిఖరం నాలుగైదు మీటర్ల లోతులో ఉంటుంది. ఇక్కడ, గాలి నింపితే తేలేలా చేసే డైవింగ్ జాకెట్‌లో గాలి లేకుండా అందరూ ఒకేసారి వెనక్కి దొర్లి తిన్నగా కిందికి దిగాలి. పైన తీరికగా మాస్క్ సర్దుకుంటే కొండ వెళ్ళిపోతుంది. ప్రవాహం కొండను గుద్దుకునే ముందు వైపుకు చేరాక, ప్రతివారూ ఒక ఉక్కు కొక్కేన్ని చచ్చిన రాతికి తగిలించి, దాని తాడును జాకెట్‌కు కట్టుకొని, కాస్త గాలి నింపుకొని గాలిపటంలా తేలాలి. బతికిన పగడానికి కొక్కెం తగిలిస్తే గైడ్ అక్కడికక్కడే డైవ్ ముగిస్తానని ముందే చెప్పాడు. అంత కటువుగా చెప్పినందుకు అతని మీద నాకు గౌరవం కలిగింది.

తాడు చివర తేలుతూ చూసిన దృశ్యాన్ని చెప్పడం కష్టం. మనిషంత పార చేపలు వెండి రేకుల్లా మా ముందు బారులు తీరాయి. బూడిద రంగు సొరలు వాటి వెనుక, తోక ఒక్కసారి ఆడించి పది గజాలు ముందుకు జారుతూ, నీలంలో మాయమవుతూ వచ్చాయి. వాటిని తమ్ముడికి చూపించాలని తల పక్కకు తిప్పాను. ఆ వేగంలో తల పక్కకు తిప్పకూడదని పొద్దున చెప్పారు. మాస్క్ అంచు ఎత్తుకొని నీళ్ళు నిండాయి, సిలిండర్ గాలిని అందించే నోట్లోని రెగ్యులేటర్ వణికింది, మాస్క్ ఖాళీ చేసే కంగారులో తాడును గుంజాను, కొక్కెం కింది రాయి ఊడి వచ్చింది.

నేను చేసిన తప్పు ఆ తరువాతది. కొండ నాలుగు మీటర్ల దూరంలోనే ఉంది కదా అని ఎదురీదాను. గేర్ వేసుకున్న మనిషి ఒక నాట్‌కు, అంటే గంటకు 1.85 కిలోమీటర్లకు మించిన ప్రవాహానికి ఎంతో సేపు ఎదురీదలేడు; వేగం రెట్టింపైతే నీటి నెట్టుడు నాలుగు రెట్లవుతుంది. ఇదంతా పుస్తకంలో చదివినదే. రెండు నిమిషాల్లో నా సిలిండర్‌లో గాలి పీడనం 130 బార్‌ల నుంచి 90కి పడింది, కొండ అంగుళం దగ్గర కాలేదు. అప్పటికి తమ్ముడు తన కొక్కెం తీసేసి నా పక్కకు వచ్చాడు. అతని వెనుకే గైడ్ కూడా. కొండ భుజం దాటగానే నేను వదిలిన బుడగలు పైకి పోవడం మాని కిందికి పోవడం చూశాను. లోతు చూపే చేతి కంప్యూటర్‌లో పద్దెనిమిది మీటర్లు ఇరవై ఆరు అయింది, చెవులు బిగుసుకున్నాయి. గైడ్ పైకి కాదు, కొండకు దూరంగా, అడ్డంగా ఈదమని చెయ్యి చాచాడు. కింద పడుతున్న మనిషికి పక్కకు పొమ్మంటే వినబుద్ధి కాదు. అయినా వెళ్ళాము. పదిహేను ఇరవై తన్నుల తరువాత నీరు మమ్మల్ని వదిలేసింది.

తరువాత అంతా నీలమే. గైడ్ నారింజ రంగు బెలూన్‌ను తాడుతో పైకి వదిలాడు. దాని కింద ఐదు మీటర్ల లోతులో మూడు నిమిషాల విరామం తీసుకున్నాము. పోల్చి చూసుకోవడానికి కొండ గానీ నేల గానీ లేకపోవడంతో, కదలకుండా నిలబడి ఉన్నామనే అనిపించింది. పైకి వచ్చి చూస్తే గిలి లావా కొండలు అరచేతిలో పట్టేంత చిన్నవైపోయాయి. మూడు నాట్ల ప్రవాహం పది నిమిషాల్లో దాదాపు కిలోమీటరు మోస్తుంది కదా అని అప్పుడు లెక్క వేసుకున్నాను. మరో పది నిమిషాలకు పడవ వచ్చింది. సరంగు నన్ను పైకి లాగుతూ, "ఆరుస్" అన్నాడు. ప్రవాహం అని అర్థం. అతను ఆ రోజు నాతో అన్నది ఆ ఒక్క మాటే.

చతుర్దశి నాడు మళ్ళీ దిగాను. దిగకపోతే ఇంకెప్పుడూ దిగనేమోనని తమ్ముడు అన్నాడు. సరంగు పట్టిక చూసి, పోటు ఆటుగా మారే నడిమి అరగంటను ఎంచి మమ్మల్ని బతు బొలోంగ్ వెనుక వదిలాడు. ఈసారి ఆ పొడి నేలంత చోటు మొన్నటి కన్నా చాలా ఇరుకైంది. నేను గైడ్ మోచేతి పక్క నుంచి కదలలేదు. నారింజ చేపలు రాతికి కరుచుకోవడం మొదలుపెట్టగానే, అతను చెయ్యి అడ్డం పెట్టకముందే నేనే వెనక్కి తిరిగాను. అతను నా వైపు చూసి బొటనవేలు, చూపుడువేలు కలిపి సరే అన్న గుర్తు చూపించాడు.

వరుసగా ఇన్ని రోజులు డైవ్ చేశాక విమానం ఎక్కే ముందు కనీసం పద్దెనిమిది గంటలు నీళ్ళకు దూరంగా ఉండాలి. ఒంట్లో కరిగి ఉన్న నైట్రోజన్ నెమ్మదిగా బయటికి పోవాలి. మర్నాడు ఉదయమే విమానం కావడంతో పున్నమి రోజంతా మాకు నేల మీదే గడిచింది. రింకాలో డ్రాగన్‌లను చూశాము. ఎండలో అవి పడేసిన దుంగల్లా ఉన్నాయి. సాయంత్రం పాదార్ కొండ ఎక్కాము. పై నుంచి చూస్తే కింద జలసంధిలో నీరు నున్నని పట్టీలుగా, నురగ గీతలుగా విడిపోయి పారుతూ ఉంది. ఒక చేపల పడవ ఇంజిన్ గట్టిగా మోగిస్తూ దానికి ఎదురు వెళ్తూ, మేము చూసినంతసేపూ ఉన్నచోటనే ఉంది.

కొండ మీద సిగ్నల్ దొరికింది. అమ్మ ఫోన్ ఎత్తగానే, "ఈ రోజు దిగలేదు కదా?" అని అడిగింది.

"లేదమ్మా, దిగలేదు" అని తమ్ముడు చాలా వినయంగా చెప్పాడు.