విచ్చుకున్న ఉంగరం

ఇవాళ బయోమెకానిక్స్ (శరీరంలోని బలాలు, కదలికల శాస్త్రం) ప్రాక్టికల్. పొద్దున ఏడింటికే మటన్ షాపుకు వెళ్లి, "గుండె కోసేటప్పుడు పైన గొట్టం కొంచెం పొడుగ్గా ఉంచండి భాయ్" అన్నాను. ఆయనకు అలవాటే. "పిల్లలకు పాఠమా మేడమ్?" అంటూ జాగ్రత్తగా కోసి ఇచ్చాడు. ఐస్ డబ్బాలో పెట్టుకుని ల్యాబ్‌కు చేరాను.

మేక బృహద్ధమనిని, అంటే గుండె నుంచి బయలుదేరే ఆ పెద్ద రక్తనాళాన్ని, సన్నని ఉంగరాలుగా కోయించి సెలైన్‌లో వేయించాను. లోపల రక్తం లేదు, పీడనం లేదు. ఇప్పుడు ఒక్కో ఉంగరాన్నీ ఒక పక్క కత్తిరించమన్నాను. కత్తెర పడగానే అది చటుక్కున నెలవంకలా విచ్చుకుంది. పిల్లలంతా ఒక్కసారి ముందుకు వంగారు. 18 ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను, ఆ క్షణంలో నా చేతులు ఇప్పటికీ చల్లబడతాయి.

రక్తనాళం ఖాళీగా ఉన్నా దాని గోడలో లోపలి పొర నొక్కుకుని, బయటి పొర సాగి ఉంటాయి; కోయగానే ఆ బిగువు వదిలి ఉంగరం విచ్చుకుంటుంది. రక్తపోటు భారమంతా లోపలి పొర మీదే పడకుండా గోడంతా సర్దుకునేది ఆ బిగువు వల్లే. 1980ల్లో దీన్ని వివరించిన వారిలో ముఖ్యుడు వై.సి. ఫంగ్. 1948లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసిన విమానాల ఇంజనీరు ఆయన. తల్లికి గ్లకోమా అనే కంటి జబ్బు వస్తే, ఆ జబ్బు మీద వ్యాసాలు చదివి, చైనాలో ఆమెను చూసే డాక్టరు కోసం అనువదించి పంపారట. 1966లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి, విమానాలు వదిలేసి రక్తనాళాలు, ఊపిరితిత్తుల వెంట పడ్డారు. ఈ సంగతి పిల్లలకు ప్రతి ఏడూ చెబుతాను. ఫార్ములా కంటే ముందు ఆ అమ్మ వాళ్లకు గుర్తుండాలని నా ఆశ.

మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. ప్రాజెక్టు ప్రతిపాదన రెండోసారి తిరిగొచ్చింది. కాసేపు ఏమీ తోచలేదు, టీ కూడా చల్లారిపోయింది.

నాలుగింటికి వెనక బెంచీ అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. క్లాసులో నోరు విప్పని పిల్ల. "మేడమ్, గుండె దగ్గరి ముక్కా, కింద కడుపు వైపు ముక్కా ఒకేలా విచ్చుకుంటాయా?" అంది. ఎంత మంచి ప్రశ్న! జవాబు నా నోటి దాకా వచ్చింది. చెప్పకుండా ఆపుకున్నాను. "నువ్వే కొలిచి చెప్పు" అన్నాను. కోణమానిని ఇస్తే ఎంత జాగ్రత్తగా బ్యాగులో పెట్టుకుందో!

ఇంటికి రాగానే మటన్ భాయ్‌కి ఫోన్ చేశాను. రేపు గొట్టం మొత్తం, కింది దాకా, తెగకుండా కావాలని.